పాలికిచ్చిన పెయ్య

(అద్దంకి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డు పల్లెలో 1982 నుంచి ఒంగోలు ఆవుల్ని సాకుతున్న ఒక ఇల్లాలు ఈ శీర్షికలో పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తారు. పాడి, పశువులు, పల్లె కాపురం... ఏదైనా అడగవచ్చు.)

ప్రశ్న: అమ్మా, మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నాన్న పోయి నాలుగు నెలలైంది. ఆయనకు ఆవులే లోకం. మా ఫీజుల కోసం ఎకరం పొలం అమ్మాడు గాని ఒక్క ఆవును అమ్మలేదు. ఊళ్ళో ఎవరికి కష్టం వచ్చినా ముందుండేవాడు. మా స్కూల్ యానివర్సరీకి మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. ఇప్పుడు కొట్టంలో తొమ్మిది పశువులున్నాయి. అన్నీ అమ్మేసి అమ్మను తీసుకొచ్చేద్దామని అక్క, నేను అనుకుంటున్నాం. అమ్మేమో రానంటోంది. 63 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. ఫోన్ చేస్తే చాలు ఇదే గొడవ, ఇద్దరికీ టెన్షన్. పైగా నాన్న కొన్ని పెయ్యల్ని ఊళ్ళో వాళ్ళకు పాలికి ఇచ్చాడట. కాగితం ముక్క లేదు. వెళ్ళి అడగాలా, వదిలేయాలా?
– పేరు వద్దన్న పాఠకుడు, హైదరాబాద్

జవాబు: బాబూ, నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేకపోయాను. యానివర్సరీకి రాలేదన్న మాట దగ్గర ఆగిపోయాను. మా ఆయన కూడా వాళ్ళ నాన్న గురించి ఇదే మాట అనేవారు. చిన్నప్పుడు స్కూల్లో నాటకం వేస్తే అందరి నాన్నలూ వచ్చారట, మా మామగారు రాలేదట. అరవై ఏళ్ళు వచ్చాక కూడా ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది.

స్కూల్లో ఫంక్షన్ మొదలయ్యేది పొద్దుగూకే వేళ. ఆవు పాలు చేపేదీ అప్పుడే. ఆ వేళ దాటితే పొదుగు బిగుస్తుంది, దూడ అరుస్తుంది. పశువుకు ఆదివారం లేదు, పండగ లేదు. మీ నాన్న రాకపోవడానికి కారణం అదే అయ్యుంటుంది. కారణం తెలిసినంత మాత్రాన నీ బాధ పోదు, అది నాకు తెలుసు. ఆయన తరఫున వకాల్తా పుచ్చుకోను. మా మామగారి గురించి చెబుతాను. మీ నాన్నలో నీకు కనపడని పక్క అందులో ఏమైనా కనిపిస్తుందేమో చూడు.

నేను కాపురానికి వచ్చేనాటికి మా ఇంట్లో పెద్దా చిన్నా కలిపి పద్నాలుగు పశువులు. మామగారు తెల్లవారుజామున నాలుగింటికి లేచేవారు. లాంతరు పట్టుకుని కొట్టంలోకి వెళ్ళి, ఒక్కొక్క దాని ముందు ఆగి ముందు ముట్టె, అదే ముక్కు కొస, చూసేవారు. ముట్టె మీద చెమట ముత్యాల్లా నిలిచి ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. ఎండిపోయి ఉంటే తేడా చేసినట్టు. ఆ తర్వాత చెవి మొదలు పట్టుకుని చూసేవారు, వేడి తెలుస్తుందని. ఈ రెండూ అయ్యాకే గాడిలో గడ్డి వేసేవారు. మాటలేం ఉండవు. కొత్తకోడల్ని, వంటింటి గడప మీద కూచుని చూస్తూ, ఈయనకు మనుషులతో మాట్లాడటం రాదేమో అనుకునేదాన్ని.

మా పెద్దమ్మాయికి మూడేళ్ళప్పుడు టైఫాయిడ్ వచ్చింది. ఒక రాత్రి జ్వరం దిగక ఏడుస్తుంటే మామగారు లోపలికొచ్చారు. ఏమీ అనలేదు. పిల్ల పెదవులు చూశారు, చెవి మొదలు రెండు వేళ్ళతో పట్టుకున్నారు. లాంతరు తీసుకుని బయటికెళ్ళి ఎద్దుల బండి కట్టారు. ఆ బండిలోనే అద్దంకి ఆసుపత్రికి వెళ్ళాం. దారి పొడవునా వెనక్కి తిరిగి చూడలేదు. ఎడమ చెయ్యి మాత్రం వెనక్కి చాపి పిల్ల కాలి మీద ఉంచారు. మా ఆయన ఆ రోజు బండిలో నా పక్కనే ఉన్నారు. నాటకం సంగతి మర్చిపోయారని చెప్పను గాని, ఆ చెయ్యి సంగతి కూడా కడదాకా చెబుతూనే ఉన్నారు.

ఇక పాలికిచ్చిన పెయ్యల సంగతి. నీ అసలు ప్రశ్న ఇదే. ఊరు వదిలి చాలా కాలమైంది కాబట్టి పద్ధతి నీకు సరిగ్గా తెలియకపోవచ్చు. ఒక్కో ఊళ్ళో ఒక్కో లెక్క ఉంటుంది, మా ఊరి లెక్క చెబుతాను. ఇంకా ఎదకు రాని పెయ్యను గొడ్డూ గోదా లేని ఇంటికి తోలిస్తాం. మేపు వాళ్ళది, పాలు వాళ్ళవి, పేడ వాళ్ళది. తొలి ఈత (కాన్పు) దూడ వాళ్ళకు, రెండో ఈత దూడ మనకు. ఆవు మాత్రం మనదే. నాలుగు ఈతలయ్యాక ఆవును మనం వెనక్కి తెచ్చుకోవచ్చు, లేదా వెల కట్టి వాళ్ళకే వదిలేయవచ్చు. పొలం లేనివాళ్ళకు కొట్టం కట్టుకునే దారి అదొక్కటే. బ్యాంకు లోన్లు ఇంటింటికీ రాని రోజులవి.

మామగారి లెక్కలు గాదె తలుపు లోపలి వైపు ఉండేవి. ఆయనకు సంతకం వరకే వచ్చు. బొగ్గుతో ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు గీసుకున్నారు. చెరువుకట్ట మీది ఇంటికి ఒక అల, మగ్గం ఉన్న ఇంటికి కండె, రెండు తాటిచెట్ల ఇంటికి రెండు నిలువు గీతలు. గుర్తు పక్కన దూడకొక అడ్డగీత. మన దూడ మనకొస్తే ఆ గీత మీద సున్నం చుక్క. ఇంటికి సున్నం కొట్టినప్పుడు ఆ తలుపు జోలికి ఎవరినీ రానిచ్చేవారు కాదు.

2006లో పోయారు. అప్పటికి ఏడిళ్ళలో మా ఆవులున్నాయి. మా ఆయన, మరుదులు తలుపు ముందు నిలబడి గీతలు లెక్కపెట్టి, ఎవరింటికి ఎవరు వెళ్ళి అడగాలో మాట్లాడుకుంటున్నారు. పెద్దకర్మ రోజు భోజనాలు అయ్యాక, తాటిచెట్ల ఇంటావిడ పెయ్యను తోలుకుని వచ్చింది. ఏడాదిన్నర ఉంటుంది దానికి. ఒళ్ళంతా కడిగి, మెడలో కొత్త పలుపు వేసి, నుదుట పసుపు కుంకుమ పెట్టింది. వాకిట్లోకి రాకుండా వేపచెట్టు దగ్గరే నిలబడి, "పెద్దయ్య దూడమ్మా, పోయినేడే తేవాల్సింది. పాలు మరిచినాక తెద్దామనుకుంటే ఈలోపు..." అని ఇక మాట రాక ఆగిపోయింది.

మా అత్తగారు లేచి వెళ్ళి పలుపు చేతిలోకి తీసుకున్నారు. పెయ్య ముట్టె చూశారు. చెవి పట్టుకుని చూశారు. ఇన్నేళ్ళ కాపురంలో అత్తగారు అలా చూడటం నేను చూడలేదు. తర్వాత ఆ పలుపు మళ్ళీ ఆవిడ చేతిలోనే పెట్టి, "ఇది నీ దగ్గరే ఈననీ. దీని రెండో దూడ తోలు" అన్నారు. ఇవాళ మా కొట్టంలో తెల్లగా, మోకాళ్ళ మీద నల్లమచ్చలతో నిలబడి ఉన్న పెద్దావు ఆ పెయ్యకు మనవరాలు.

అందరూ అలా రాలేదు. రెండిళ్ళ వాళ్ళు ముఖం చాటేశారు. ఒకరు కూతురి ఆపరేషన్ కోసం ఆవును సంతలో అమ్మేశారని తర్వాత తెలిసింది. మా ఆయన మండిపడ్డారు. అత్తగారు ఆ ఇంటి గుర్తు పక్కన తనే సున్నం చుక్కలు పెట్టి తలుపు మూశారు. అది సరైందా కాదా అని మేం చాలాకాలం వాదించుకున్నాం. ఇప్పుడు నేను ఆవిడ పక్షం.

కాబట్టి నువ్వు వెళ్ళు. బాకీ వసూలుకని వెళ్ళకు. ఆవు ఎలా ఉంది, ఎన్ని ఈతలయ్యాయి, నాన్న ఏమని చెప్పి ఇచ్చాడు అని అడుగు. అమ్మను వెంట తీసుకెళ్ళు, ముందు ఆవిడ మాట్లాడాలి. మీ నాన్న ఎలాంటి మనిషో ఆ ఇళ్ళ అరుగుల మీద కూచుంటే నీకు తెలుస్తుంది.

ఇంకో పాత సంగతి. మా వైపు కలిగిన ఇంట్లో పెద్దమనిషి పోతే ఊళ్ళోకెల్లా మంచి కోడెదూడను ఎంచి, ముద్ర వేసి, దేవుడి పేరున వదిలేసేవారు. వృషోత్సర్గం అంటారు. అచ్చుబోసిన ఆంబోతు అన్న మాట అందులోంచే వచ్చింది. ఏ చేలో పడి మేసినా ఎవరూ కొట్టరు. ఊళ్ళో ఆవులన్నిటికీ అదే విత్తనం. దూడను ఎంచేది ఇంటివాళ్ళు ఒక్కరే కాదు, ఊరి పెద్దలు కూడా నిలబడి మూపురం, గంగడోలు, కాళ్ళ తీరు చూసి ఒప్పుకోవాలి. ఒంగోలు జాతి ఇన్ని వందల ఏళ్ళు చెడకుండా నిలిచిందంటే అందులో ఈ ఆచారానిది పెద్ద వాటా. ఒక ఇంటి చావు ఊరి పశువులన్నిటికీ మేలయ్యేది. ఇప్పుడు చూలు కట్టించే సూదులొచ్చాయి, ఆంబోతుల్ని వదిలేవాళ్ళు తగ్గిపోయారు. మీ కొట్టంలో మంచి కోడెదూడ ఉంటే మాత్రం అన్నిటికంటే ముందు దాన్ని అమ్మకు. పశువుల డాక్టరుగారికి చూపించి, ఊళ్ళో ఎవరైనా మేపుతామంటే నాన్న పేరున ఇవ్వు.

తొమ్మిదింటినీ అమ్మడమా, తొమ్మిదింటినీ ఉంచడమా అన్న గొడవ మానండి. అరకకు వచ్చిన కోడెల జత ఉంటే అమ్మండి, తెలిసిన రైతుకే. అమ్మ దగ్గర ఒక పాడావు, కడుపుతో ఉన్న ఒక చూడావు, లేదంటే ఒక పెయ్య, అంతకు మించి వద్దు. మిగతావి పాలికివ్వండి. ఈసారి కాగితం రాసుకోండి. ఇప్పుడు పశువు చెవికి 12 అంకెల పోగు వేస్తున్నారు, ఆ నంబరు కాగితంలో వేస్తే రేపు పేచీ ఉండదు. ఆరు నెలలకోసారి గాలికుంటు టీకా ప్రభుత్వం ఉచితంగానే వేస్తుంది, తప్పించకండి.

అమ్మ మోకాళ్ళ సంగతి కూడా చూడు. గాడి నడుము ఎత్తుకు కట్టించు, వంగక్కర్లేదు. కుళాయి పైపు తొట్టి దాకా లాగించు. పేడ ఎత్తడానికి పొద్దున ఒక గంట మనిషిని పెట్టు. అన్నీ కలిపినా ఆవిడ హైదరాబాద్‌లో తలుపేసుకుని ఒంటరిగా కూచుంటే అయ్యే డాక్టర్ ఖర్చు కాదు. కనుమ అయ్యాక, పక్కింటి వాళ్ళకు ఆవుల్ని అప్పజెప్పి పది రోజులు మీ దగ్గరకు తీసుకెళ్ళు. పదకొండో రోజున దింపిరా. అలా తిరుగుతూ ఉంటే రాకపోకలు అలవాటవుతాయి. ఏడాది తిరిగేలోపు కొట్టం ఖాళీ చేయకండి. భర్త పోయిన ఇంట్లో పొద్దున్నే నిద్రలేపే ప్రాణి ఒకటి ఉండాలి బాబూ. నాకూ మూడేళ్ళ క్రితం ఆ అవసరం పడింది. మా ఆయన పోయిన మర్నాడు ఐదింటికి పెద్దావు అరిచింది. లేచాను.

ప్రశ్న: బ్రెజిల్‌లో మన ఒంగోలు ఆవు 40 కోట్లు పలికిందని ఫోన్లలో తిరుగుతోంది. నిజమేనా? మరి మన దగ్గర రైతుకు ఆ విలువ ఎందుకు లేదు?
– డిగ్రీ విద్యార్థి, చీమకుర్తి

జవాబు: ఆ ఆవు పేరు వియాటినా-19. 2023లో వేలంలో దాని మూడో వంతు వాటా 14 లక్షల డాలర్లకు పైగా పలికింది. ఆ లెక్కన మొత్తం ఆవు విలువ దాదాపు 43 లక్షల డాలర్లని కట్టారు. వాటా సంగతి చాలామంది చెప్పరు. ఒకే ఆవుకు ముగ్గురు యజమానులన్నమాట. పెద్ద లెక్కల్లో అదీ పాలి పద్ధతే. దాని బరువు 1,101 కిలోలు.

అక్కడ ఈ జాతిని నెలోర్ అంటారు, మన నెల్లూరు పేరే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. పందొమ్మిదో శతాబ్దంలోనే మన పశువులు ఓడలెక్కి ఆ దేశం చేరాయి. 1960ల మొదట్లో వెళ్ళిన ఒక ఆంబోతును వాళ్ళు కర్వాడి అన్నారు. అది ఒంగోలు పక్కన ఉన్న మన కరవది ఊరి పేరే నాయనా. మా మామగారు కరవది మీదుగా వెళ్ళినప్పుడల్లా బండి ఆపి ఒక నిమిషం చూసి వచ్చేవారు.

విలువ సంగతికొస్తే, వాళ్ళు ప్రధానంగా మాంసం కోసం పెంచుతారు. మనం కాడికి, పాలకు పెంచాం. ట్రాక్టరు వచ్చి కాడి పోయింది. పాలు చూస్తే మా ఆవు పూటకు రెండు లీటర్లు, బాగా ఇస్తే మూడు. డబ్బు లెక్కలో గేదె ముందు నిలవదు. అయినా వాళ్ళ దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. ప్రతి దూడకు తల్లి ఎవరు, తండ్రి ఎవరు, పుట్టినప్పుడు బరువెంత అన్నది రాసిపెడతారు. మన దగ్గర అదంతా పెద్దవాళ్ళ నోట్లో ఉండి, వాళ్ళతోనే పోయింది. గుంటూరు దగ్గర లాం ఫారంలో, నెల్లూరు జిల్లా చింతలదేవిలో జాతిని కాపాడే పని జరుగుతోంది. పిండమార్పిడితో దూడల్ని కూడా పుట్టిస్తున్నారు. చదువుకునేవాడివి కదా, సెలవుల్లో మీ ఊళ్ళో ఎన్ని ఒంగోలు ఆవులు మిగిలాయో ఇంటింటికీ తిరిగి ఒక నోటుబుక్కులో రాయి. తల్లి ఏ ఇంటిది, విత్తనం ఎక్కడిది, అన్నీ. రాశాక నాకు ఒక కాపీ పంపించు, నిజంగా అడుగుతున్నాను.

ప్రశ్న: అక్కా, పెళ్ళయి ఆరు నెలలైంది. అత్తారింట్లో పెయ్య తొలిచూలు, నెలలు నిండాయి. మా వారు దుబాయ్‌లో ఉన్నారు, మామయ్యకు చూపు ఆనదు. రాత్రిపూట ఈనితే నేనే చూసుకోవాలి. పుట్టింట్లో పశువుల్లేవు. భయంగా ఉంది.
– ఒక చెల్లి, నల్గొండ జిల్లా

జవాబు: చెల్లీ, చూలు కోసం సూది వేయించిన తేదీ మామయ్యను అడుగు. అక్కణ్ణుంచి తొమ్మిది నెలల తొమ్మిది రోజులు, ఒక వారం అటూ ఇటూ. తోక మొదట్లో రెండు పక్కలా గుంటలు పడి మెత్తబడితే, పొదుగు బిగిసి మెరుస్తుంటే ఇక దగ్గరపడినట్టే. డాక్టరుగారి నంబరు ఇప్పుడే ఫోన్‌లో పెట్టుకో.

కింద పొడి వరిగడ్డి మందంగా పరువు. ఉమ్మనీరు పోయాక ముందు రెండు గిట్టలు, వాటి మీద ముట్టె కనబడాలి. అలా వస్తే నువ్వు చేసేదేం లేదు, దూరంగా కూచో. గిట్టలు పైకి తిరిగి ఉన్నా, ఒకటే కాలు కనబడినా, నీరు పోయి రెండు గంటలైనా ఏమీ కనబడకపోయినా డాక్టరుకు ఫోన్ చెయ్యి. తొందరపడి లాగకు, ఎవరినీ లాగనివ్వకు.

దూడ పడగానే ముక్కు, నోరు గుడ్డతో తుడువు. తల్లి నాకనీ. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ అద్దు. గంట లోపల ముర్రుపాలు తాగాలి. నిలబడలేకపోతే నువ్వే పట్టి పొదుగు దగ్గర ఆనించు. జున్ను గురించి తర్వాత ఆలోచిద్దాం, ముందు దూడ కడుపు నిండనీ. మాయ (దూడ తర్వాత వచ్చే పొర) పడగానే తీసి పాతిపెట్టు, ఆవును తిననివ్వకు. పన్నెండు గంటలైనా పడకపోతే డాక్టరుగారు రావాల్సిందే. మాయకు రాయి కడితే జారుతుందని ఎవరైనా అంటారు, కట్టనివ్వకు.

తొలిచూలు పెయ్య నీకంటే ఎక్కువ భయపడుతూ ఉంటుంది. ఈ వారం రోజులూ నువ్వే గడ్డి వెయ్యి, నువ్వే కుడితి పెట్టు. ఒకే పాత చీర కొట్టానికని వేరుగా ఉంచుకో. ఆ రాత్రి కూడా అదే కట్టుకుని వెళ్ళు, వాసన పట్టి బెదరకుండా నిలబడుతుంది. దూడ ఆడో మగో రాయడం మర్చిపోకు.